ఎడమచేతి వాటం బంతి

బుధవారం పొద్దున. అమెరికాలోని టొలీడోలో సరస్సు మీది గాలి కోసేస్తోంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు మైదానంలో ఇద్దరే మనుషులు. బంతి విసిరి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ వెండెల్. వంగి, కాళ్ళ సందులోంచి ఆ బంతిని వెనక్కి అతని చేతికందించే సెంటర్ తోమసి. పదకొండేళ్ళుగా ఎవరూ రమ్మనకపోయినా వీళ్ళిద్దరూ అందరికంటే ముందే వచ్చి ఈ చలిలో చస్తున్నారు.

"మళ్ళీ ఇయ్యి."

"ఇచ్చాను కదన్నా."

"ఇచ్చావు. బంతి కుట్లు అవతలికి తిరిగొచ్చాయి. నా వేళ్ళు పడాల్సిన చోట ఉత్త తోలుంది. మళ్ళీ ఇయ్యి."

"చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి."

"నూట నలభై కిలోలున్నావు, నీకు చలేంట్రా? సరే, విను. ఆదివారం మనతో ఆడే పోర్ట్‌లండ్ వాళ్ళ పాత ఆటలన్నీ మళ్ళీ చూశాను. ఆ యాభై నాలుగో నంబరువాడున్నాడే, మీదికి దూకే ముందు ఎడమకాలు వెనక్కి పెడతాడు. ప్రతిసారీ. వాడు పెట్టగానే నేను 'మేపుల్' అని అరుస్తాను. నువ్వు వాణ్ణి కుడికి నెట్టెయ్యి."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఏమని అరుస్తాను?"

"మేపుల్."

"ఆఁ. ఈ ఒక్క ఆట గెలిస్తే ఇంకో ఏడాది ఉంచుతారు నన్ను. లేదంటే నా పని అయిపోయినట్టే. ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి ఎవడు పిలుస్తాడు చెప్పు? ఇయ్యి బంతి... చూడు, మళ్ళీ అటే తిరిగింది."

"లోపలికెళ్ళి కాఫీ తాగొద్దాం పదన్నా."

"తోమసీ."

"ఏంటన్నా."

"ఇన్నేళ్ళూ నువ్వు కళ్ళు మూసుకుని ఇచ్చినా కుట్లు నా కుడిచేతి వేళ్ళ కిందికే వచ్చేవి. ఇది ఎడమచేతివాడికిచ్చే బంతి."

"చలికి—"

"చలి సంగతి వదిలెయ్. మన జట్టులో బంతి విసిరేవాళ్ళలో ఎడమచేతివాడు ఒక్కడే. ఆ కీగన్. మొన్నేగా కాలేజీ నుంచి దిగాడు. వాడికి ఎప్పుడిచ్చావు?"

"నిన్న."

"నిన్న మనకి సెలవు కదా."

"సెలవేనన్నా. పొద్దున మొదలెడితే చీకటి పడేదాకా ఇస్తూనే ఉన్నాను. చెయ్యి ఇంకా అటే తిరుగుతోంది."

"అంటే ఆదివారం..."

"ఆదివారం వాడే. నీకు కోచ్ చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదా?"

"హాలండరా? ఇందాక గుమ్మంలో ఎదురుపడితే నా మొహం చూడలేక వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. అవి కట్టే ఉన్నాయిరా. అయినా ఆ కుర్రాడికేం తెలుసు? యాభై నాలుగోవాడు కాలు వెనక్కి పెడతాడని తెలుసా?"

"తెలీదు."

"మరి?"

"వాడు విసిరితే బంతి అందుతుందన్నా."

"నేను విసిరితే అందట్లేదా? మొన్నటి ఆటలో నా బంతి పట్టాల్సిన డారియస్ దారి తప్పి పరిగెత్తాడు. అయినా వాణ్ణొక్క మాటన్నానా? పేపరువాళ్ళ ముందు తప్పు నాదే అన్నాను. నాయకుడన్నవాడు అలాగే అనాలి."

"వాడు దారి తప్పలేదు. నువ్వు చెప్పిన చోటే నిలబడ్డాడు. బంతి నాలుగు గజాల ముందే పడిపోయింది. తప్పు నాదే అన్నావు చూడు, అది నిజంగానే నీది. నీకు తప్ప అందరికీ తెలుసు. నీ భుజం పోయిందని బస్సులో వాడు ఏడ్చాడన్నా."

"భుజం సర్దుకుంటుందిరా. నాలాగా అన్నీ ముందే చదువుకునొచ్చేవాడికి సగం భుజం చాలు."

"సగమెక్కడుందన్నా."

"నోరు ముయ్యి."

"సరే."

"ఇలా చేద్దాం. కుర్రాళ్ళందర్నీ లాకర్ గదిలో కూచోబెట్టు. నేను మాట్లాడతాను. అంతా కలిసి హాలండర్ దగ్గరికెళ్దాం. వెండెల్ లేకపోతే మేం ఆడం అని నువ్వు మొదలుపెట్టు చాలు, మిగతావాళ్ళు అందుకుంటారు. హాలండర్ ఒక్కడూ ఏం చేస్తాడు? ఒక్కొక్కడికీ ఆట నేర్పాను. వాళ్ళ పెళ్ళిళ్ళకెళ్ళి డాన్సులు చేశాను. నువ్వు నీ కొడుక్కి నా పేరే పెట్టుకున్నావు."

"పెట్టుకున్నాను."

"మరి పద. ఏంటలా కూలబడ్డావు? కిందంతా మంచు. లేవరా."

"వద్దన్నా. ఆ గదిలోకి వెళ్ళొద్దు."

"ఎందుకు? హాలండర్‌కి భయపడాలా నేను?"

"మొన్న రాత్రి నువ్వెళ్ళిపోయాక కోచ్ అందర్నీ ఆ గదిలోనే కూచోబెట్టి, నిన్నే ఆడిద్దామన్నాడు. వెండెల్ ఎన్నాళ్ళో లాక్కొచ్చాడు మనల్ని, ఈ ఒక్క ఆటా ఆడనిద్దాం అన్నాడు. నీ వైపు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి అని అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ నా చేతి వంకే చూశారన్నా."