కంపిని పోయినా నంబరు పోలే

"తాతా, నీ నంబరు ఎన్నడు మార్చవేంది?"

మంచిగడిగినవ్ బిడ్డా, జర ఇట్ల కూసో. గప్పుడు నేను గుజరాత్ దిక్కు భేస్తాన్ల మగ్గాల కార్ఖానాల చేస్తుంటి. నా రూంల రాజేశం అని మా ఊరోడే... కాదు కాదు, మా పక్క ఊరోడు. పదకొండేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకొని తిన్నం. ఒకనాడు ఆడు వండిన కూరల ఉప్పెక్కువైందని నేనన్న. గంతే, పెట్టె నెత్తినెత్తుకొని పోయిండు. ఏడికి పోయిండో ఎరుక లేదు. ఆనికి ఫోను లేకుండె గని నా నంబరు నోటికొచ్చు. ఎన్నడన్న జెయ్యకపోతడా అని సూసుకుంట ఉన్న.

గట్లుండంగ నా సిమ్ము కంపిని మూతవడ్తదన్నరు. నంబరు పోతే రాజేశం పోయినట్టే గద. సిమ్ముల దుకాణానికి ఉరికిన. ఆడ గుజరాతీ పిల్ల, కాకా, కాయిదా ఉన్నది అన్నది. కాయితమేమో అనుకొని నేను సంచి దేవులాడిన. కాదట, చట్టమట. కంపిని మూసినా నంబరు నీదే, ఇంకో కంపినిల వెట్టుకోవచ్చన్నది.

ఇగ కొత్త సిమ్ముకు ఏలిముద్ర వెట్టుమంటే నాది పడదు. ముప్పై ఏండ్లు దారం పట్టిన చెయ్యి, గీతలన్ని అరిగినయ్. గదానికి ఇంకో రూలు ఉన్నదట, మొకం ఫోటో నడుస్తదట. కండ్లు మూసి తెరువుమన్నది. నేను ఒక్క కన్నే మూసిన. నాతోని వచ్చిన మీ నాయినమ్మ ఎనక నుంచి, "గీ వయసుల ఆ పిల్లకు కన్ను కొడ్తున్నవా?" అన్నది. దుకాణమంత నవ్వుడే. మీ నాయినమ్మ ఊరంత చెప్పింది, గది వేరే ముచ్చట.

వారానికి నా పాత నంబరు కొత్త కంపినిల మోగింది. మనుమడు పుట్టినట్టు గల్లీ అంత తీపి పేడాలు పంచిన.

రెండు నెలలకు మగ్గాలున్న ఇంకో ఊరు, భివండీ నుంచి ఒక ఫోను. ఎవరని అడిగిన.

"నేనేరా, రాజేశాన్ని. కంపిని పోయిందంటే నీ నంబరు సచ్చిందనుకున్న, ఉత్తగనే జేసి సూసిన."

నాకు నవ్వొచ్చింది. ఆడు గూడ నవ్వుడు వెట్టిండు. ఎనకట ఫోను ఎత్తినా పైసలు కోసేటోళ్లు, ఇప్పుడు ఆ బాధ లేదు గద. గాపొద్దు అర్ధగంట నవ్వినం, మాట లేదు ముచ్చట లేదు. ఆ వారంలనే మా దగ్గరి ఉధ్నా టేషన్ల దిగిండు. మల్ల పోనియ్యలే. నీకు రోజు జిలేబీలు తెచ్చే తాత ఎవరనుకున్నవ్ మరి? ఆడే.

సల్లంగుండు బిడ్డా. నీ మీద అలిగి పోయినోళ్లు గూడ నీకు మల్ల ఫోన్ జెయ్యాలె.