పైడయ్య కుడికాలి జోడు

మూతి ముడుసుకుని కూకుంటావేటి మావా? ముందు నా ఏళ్లు సూడు! అన్నీ పోట్లే. సేప ముళ్లు గుచ్చుకున్నా ఇంత మంటెట్టనేదు. తోలుకి కన్నాలెట్టే ఆరె ఉంది సూడు, అది తోలొగ్గీసి నా బొటనేల్లోనే దిగుతాది!

'గంప కాళీ అయినా ఇంటికి రావేటే కాసులమ్మా' అని రోజూ గొణిగీవోడివి గదా. ఇదిగో, అందుకే. పాతపోస్టాఫీసు కాడ అహ్మద్ భాయ్ జోళ్ల కొట్లో ఉండీదాన్ని. ఆళ్లింటికి సేపలేస్తాను గదా, ఓనాడు 'భాయ్, నాకూ జోడు కుట్టడం నేర్పవా' అనడిగీసినాను. ఆయన నవ్వనేదు. ఆళ్లావిడ ఫాతిమా నవ్వింది. 'కొట్టంతా సేపల కంపు కొడతాదే' అంది. అంటూనే పీటేసింది.

మొదటిరోజు తోలుముక్క నీళ్లలో నానబెట్టి సేతికిచ్చినాడు. 'ఇంటికి తీసుకెళ్లి ఆరబెట్టి తే అమ్మా' అన్నాడు. ఆరబెట్టడం నాకు నేర్పాలేటి? బుద్దెరిగిన కాడ్నుంచి అదే పని! శుబ్బరంగా ఉప్పు రాసి, ఇసకలో పరిసి, మిట్టమద్దేన్నం తిరగేసి, కాకుల్ని తోలుకుంటా కూకున్నాను.

సాయంత్రానికేటయిందో ఎరికా? ఎండు సొరసేపలాగ బిగుసుకుపోయింది! అటు నొక్కితే ఇటు లేత్తాది. అహ్మద్ భాయ్ ముక్కు కాడెట్టుకుని సూసినాడు. 'నీడలో ఆరబెట్టాలమ్మా, ఇది పులుసులోకి కాదు' అన్నాడు. ఫాతిమా అయితే నేలమీద కూలబడి నవ్వింది. నానూ నవ్వీసినాను, మరేటి సేత్తాను!

కుట్టు మాత్రం, మావా... వలలు బాగుసేసిన సెయ్యి గదా ఇది. మైనం పూసిన దారం లాగితే సర్రుమని ముడి బిగిసి కూకుంటాది సూడు, అబ్బబ్బబ్బ! సేపలు కోత్తన్నా అదే ద్యాస. వంజరం కోసీసి మళ్లీ కుట్టీద్దునా అనిపించీది.

ఈ జోడు నీకే. నీ కాలి కొలతెలాగొచ్చిందంటావా? మొన్న మద్దేన్నం నిద్దట్లో కాలికి ఎలక పట్టిందని గెంతినావు సూడు. ఎలకా లేదు, ఏటీ లేదు. నానే! కాయితమెట్టి బొగ్గుతో గీత్తన్నాను.

కోపమెందుకు? నిరుడు బోటు మీద తాడు సుట్టుకుని కాలేళ్లు రెండు తెగిపోయిన కాడ్నుంచి, ఆ కాలి మీద తువ్వాలు తీసినావా నువ్వు? బజార్లో ఏ జోడూ నీ కాలికి నిలవదు. ఎవులైనా సూత్తారనీసి గుమ్మమే దాటవు.

నిన్నటితో వేట నిషేధం అయిపోయింది మావా. ఇయ్యాల ఎల్లారావు బోటు సముద్రంలోకెల్తాది. ఇన్నేళ్లూ దాన్ని నడిపినోడివి నువ్వే, కొబ్బరికాయ నువ్వే కొట్టాలనీసి జెట్టీ మీద కూకున్నాడు. నువ్వొత్తావని నానే మాటిచ్చీసినాను. ఇయ్యాల గుమ్మం దాటకపోతే నువ్వింకెప్పుడూ దాటవు. నాకు బయమేత్తంది. అందుకే ఈ కుడికాలికి మాత్రం బేగి కుట్టీసినాను, ఎడంకాలికి పాతదుంది.

తియ్ తువ్వాలు. తియ్ మావా, తలుపేసినాను, ఎవులూ సూడరు. ఆఁ... అలాగ. మడం కొంచెం వొత్తు.

ఇదేటి? బొటనేలు బయటికొచ్చీసిందేటి? ఏళ్లు లేని పక్కన ఇంత కాళీ ఉందేటి?

ఓలమ్మో! ఓలమ్మోలమ్మో! తోలు తిరగేసి కోసీసినాను మావా! కుడికాలు గీసుకుని ఎడంకాలికి కుట్టీసినాను! నీ ఎడంకాలికి ఏళ్లన్నీ ఉండిపోయినాయి, ఇప్పుడిదెవుడికేసీది?

నవ్వుతన్నావా? నువ్వేనా? నవ్వు మావా, గట్టిగా నవ్వు, పక్కింటి చిలకమ్మకి ఇనపడనీ!

ఓ మాట సెప్పీదా? జోడు ఒట్టి వొంక. ఈ ఏడాదంతా నీ కాలు నన్ను ముట్టుకోనిచ్చినావా? నాను అన్నమెట్టినప్పుడల్లా కాలు ఎనక్కి లాగీసుకునీవోడివి. సేతిలో పనంటూ ఒకటుంటే ముట్టుకోనిత్తావేమో అనుకున్నాను. అంతే. ఇంకేటీ లేదు.

ఎక్కడికి లేత్తన్నావ్? లుంగీ మార్సుకుంటావా? ఉండు, ఇది ఇప్పి మళ్లీ... ఏటీ, ఉత్తకాళ్లతోనా? జెట్టీ మీద సిమెంటు కాలిపోతాది మావా!

సరే, పద. నా జోళ్లూ ఇక్కడే ఇప్పీసినాను.