పగలు తాళం వేసిన ఇళ్ల లెక్క

ఆ సందులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ లెక్కల సారే. ఇల్లు కట్టకముందే ఆ ఇంట్లో ఎంత కరెంటు కాలుతుందో కాగితం మీద తేల్చి చెప్పడం ఆయన పని. టీకొట్టుకి ఎదురుగా ఉన్న అయిదంతస్తుల భవనానికి లెక్క కట్టింది ఆయనే. మందపాటి గోడలు, రెండేసి అద్దాల కిటికీలు, గాలి చొరబడని తలుపులు ఉన్నాయి కాబట్టి మామూలు ఇళ్లకయ్యే కరెంటులో మూడోవంతు చాలన్నాడు. జనం కాపురాలు పెట్టి ఏడాదైంది. లిఫ్టు పక్కన నెలనెలా అతికించే కాగితంలో ఒక్కో ఇంటికీ ఆయన చెప్పిన గీత పచ్చగా ఉంటుంది, నిజంగా కాలింది ఎర్రగా ఉంటుంది. మొత్తం మీద ఎరుపు ఇప్పుడు పచ్చకి రెట్టింపైంది. పక్క స్థలంలో కట్టబోయే భవనానికీ అదే లెక్క రేపు పొద్దున ఇవ్వాలి. అందుకేనేమో, ఆ సాయంత్రం ఆయన గొంతు మామూలు కన్నా ఓ మెట్టు పైనే ఉంది.

"ఎరుపు సంగతి వదిలెయ్యండి, అది మీటరుకొచ్చిన రోగం," అని మొదలుపెట్టాడు. "నా గోడల సంగతి చెప్తా వినండి. మొన్న ఎండల్లో, రోడ్డు మీద తారు కరిగి చెప్పులు అంటుకుపోతున్నాయా, నేను నాలుగో అంతస్తు ఖాళీ ఫ్లాటులోకెళ్లి ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట ఏసీ వేసి, ఆపేసి, తలుపు మూసుకొచ్చా. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఇంకా చల్లగానే ఉంది!"

"అంతవరకూ నమ్మొచ్చు," అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"అప్పుడే ఏం నమ్ముతావు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం పోయాక వెళ్లా. గడప దాటానో లేదో తుమ్ములే తుమ్ములు, గోడలకి జలుబు చేసిందమ్మా! రంగులేసే అతను స్వెట్టరు తొడుక్కుని, డబ్బాలో రంగు గడ్డకట్టిపోతే ఉలితో చెక్కుకుంటున్నాడు!"

"నిజమే గురువుగారూ, ఆ ఇంటి కుళాయి తిప్పితే నాకూ ఐసుముక్కలే రాలాయి," అన్నాడు ప్లంబరు, నవ్వాపుకుంటూ.

అక్క కూడా నవ్వింది. మూడో అంతస్తులో ఉండే దర్జీ మాత్రం నవ్వలేదు. బెంచీ చివర తలొంచుకుని ఎవరిదో చొక్కాకి గుండీ కుడుతున్నాడు. లెక్కల సారుకి నవ్వని మనిషిని చూస్తే ఒళ్లు మండుతుంది. పదిమంది పడిపడి నవ్వినా సరే, ఆ పదకొండోవాడి పెదవి కదిలేదాకా ఆయన కథ ఆగదు.

"అది కాదయ్యా, అసలుది విను," అని దర్జీ వైపు జరిగాడు. "రెండో అంతస్తావిడ ఫ్రిజ్ తలుపు మూయడం మరిచి ఊరెళ్లిపోయింది. ఆ చలవకి అయిదంతస్తులూ చల్లబడి, అందరూ ఏసీలు కట్టేసి, మీటరుకి పనిలేక, ఊరికే ఉండలేక, వెనక్కి తిరగడం మొదలెట్టింది! కరెంటాఫీసు పెద్దాయన పరుగెత్తుకొచ్చి, 'అయ్యా, మీ ఇంట్లోంచి కరెంటు ఎదురొచ్చి మా ఆఫీసు బల్బులు మాడిపోతున్నాయి, ఒక్క కిటికీ తెరవండి' అని నా చేతులు పట్టుకున్నాడు. జాలిపడి బెత్తెడు తెరిచా. ఏమైందో తెలుసా? ఆ బెత్తెడు సందులోంచి వచ్చిన గాలికి ఊరు ఊరంతటికీ ఎండాకాలం ముగిసిపోయింది! సూర్యుడు మబ్బు కప్పుకుని వణుకుతూ పోయాడు, నా కళ్లతో చూశా!"

దర్జీ దారం కొరికి చొక్కా మడతపెట్టాడు. "సార్, ఒక మాట అడగనా?"

"అడుగు, దానికేం!" దారికొచ్చాడని సారుకి సంతోషమేసింది.

"మీ లెక్కలో మధ్యాహ్నం పూట ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఎవరుంటారయ్యా? పొద్దున ఎనిమిదికి తాళం వేస్తారు, సాయంత్రం ఆరింటికి తీస్తారు." అనేశాక గుర్తొచ్చింది. లెక్క కాగితంలో ఆ గడి నింపిన రోజు ఆయన ఎవర్నీ అడగలేదు. పెళ్లాం పిల్లలు లేని మనిషి, తన ఇంటి సంగతే అందరిళ్లకీ రాసేశాడు.

"మా ఇంట్లో నేనుంటాను. పొద్దుగూకేదాకా ఇస్త్రీపెట్టె కాలుతూనే ఉంటుంది. ఆ వేడిని మీ గోడలు బయటికి పోనివ్వవు. కిటికీ తీస్తే చల్లదనం పోతుంది, మూస్తే ఉడికిపోతాం. అందుకే పగలంతా ఏసీ నడవాల్సిందే. పోనీ, నేను ఓర్చుకుంటా. మా అమ్మకి చదువు రాదు సార్, ఎరుపంటే తప్పని మాత్రం తెలుసు. లిఫ్టు దగ్గర ఎవరో చూపిస్తే మా గీత చూసింది. నేను కుట్టిన బట్టలివ్వడానికి వెళ్లినప్పుడల్లా కిటికీలు కూడా తీయకుండా ఏసీ ఆపేసి కూర్చునేది. మొన్న బుధవారం నేనొచ్చేసరికి నేలమీద పడి ఉంది."

ప్లంబరు గ్లాసు కింద పెట్టేశాడు. "ఇప్పుడెలా ఉందయ్యా?" అంది అక్క.

"లేచి తిరుగుతోంది. గది చల్లగా ఉంచకపోతే మళ్లీ ప్రమాదమన్నాడు డాక్టరు. నేను వెయ్యడం, ఆవిడ ఆపడం. ఇవాళ ఒట్టు పెట్టించుకుని వేసొచ్చా. మీ కథ బాగుంది సార్. అందులో మా అమ్మే లేదు."

లెక్కల సారుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "పద, ఆవిడకి నేను చెప్తాను," అని లేచాడు.

మూడో అంతస్తులో తలుపు తీయగానే, కుట్టుమిషను పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరు నాయనా అని అడిగింది. లెక్కల సారమ్మా అన్నాడు దర్జీ. ఆవిడ గబుక్కున లేచి ఏసీ స్విచ్చి ఆపేసింది.

"ఇప్పుడే వేశాను బాబూ, రెండు నిమిషాలు కూడా కాలేదు."

గది చల్లగా ఉంది, చాలాసేపటి నుంచి నడుస్తోందని తెలుస్తూనే ఉంది. తల్లి వయసున్న మనిషి తనకి భయపడి అబద్ధమాడుతోందని ఆయనకి అర్థమైంది.

"వెయ్యండమ్మా, ఆపకండి. మీరు ఎక్కువ వాడలేదు, నేనే తక్కువ రాశాను. ఆ ఎరుపు నా తప్పు. రేపు ఇవ్వాల్సిన లెక్క కూడా మార్చే ఇస్తాను."

ఆవిడ స్విచ్చి మీద నుంచి చెయ్యి తీయకుండానే కొడుకు వైపు తిరిగింది.

"నిజమేనంటావురా? ఈయన చెప్పేవన్నీ కోతలేనని నువ్వేగా అన్నావు?"