సీసం చాలక పుట్టిన సూక్తులు

ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటరు నోరు తెరిస్తే టీకొట్టు బెంచీ మీంచి ఎవరూ లేవరు. ఈమధ్య ఆయన మాటలు మరీ కోటలు దాటుతున్నాయంటే అందుకు కారణం ఎదురుగా కుర్చీలో ఉంది. కాలేజీలో సాహిత్యం చెప్పి, ఒక్కో వాక్యంలో ఒక్కో సూక్తి రాసి ఊరందరినీ నవ్వించిన ప్రొఫెసరు మాస్టారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలుగా మాట పడిపోయింది. ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతూ ఉండండి, మాట రావచ్చు అన్నాడు డాక్టరు. కూతురు రోజూ సాయంత్రం చెయ్యిపట్టి నడిపించుకొచ్చి ఇక్కడ కూర్చోబెడుతుంది. ఆయన వింటారు, అంతే. కంపోజిటరు ప్రాణం ఉసూరుమంటుంది.

"అసలు మాస్టారు సూక్తులు రాయడం నావల్లే మొదలైంది," అని ఎత్తుకున్నాడు ఆవేళ. "వినయం మీద నలభై పేజీల వ్యాసం తెచ్చారు. సీసం చాలదు మాస్టారూ, కుదించండి అన్నాను. కుదించగా కుదించగా, 'నాకు తెలియదని చెప్పడానికి మూడు డిగ్రీలు చదవాల్సి వచ్చింది' అని ఒక్క ముక్క ఇచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడాది పాఠం ఒక్క పూటలో అయిపోయింది, పిల్లలంతా పాసు, అలాంటి ముక్కలన్నీ కలిపి వేసిన పుస్తకం వెళ్లి జడ్జిగారి చేతిలో పడిందా, ముప్పై ఏళ్ల కేసులు భోజనం వేళకి తెమిలిపోయాయి. అంతెందుకు, మా వీధి కుక్కలు కూడా ఒక్కసారి మొరిగి, చెప్పాల్సింది చెప్పాం కదా అని పడుకునేవి."

కుక్కలకి పుస్తకం ఎవరు చదివి పెట్టారు బాబాయ్ అంది టీకొట్టామె.

"నేనే. కూర్చేటప్పుడు పైకి చదువుతాను కదా, గుమ్మంలో పడుకుని విన్నాయి."

అందరూ పొట్టలు పట్టుకున్నారు. మాస్టారి మొహంలో మాత్రం చలనం లేదు. కంపోజిటరుకి ఏడుపొచ్చినంత పనైంది. నవ్వు రాకపోతే పోనీ, కోపమైనా వస్తే చాలనుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా దాచడమెందుకు? ఆ సూక్తులన్నీ రాసింది నేనే. మాస్టారు పేరు మాత్రం పెట్టుకున్నారు."

బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. కూతురు చురుగ్గా చూసింది. మాస్టారి పెదవి ఒక పక్కకి లాగింది, గొంతులో ఏదో గరగరలాడింది.

"ముందు... తప్పుల్లేకుండా... కూర్చడం... నేర్చుకో."

కూతురు రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. ఇన్నేళ్లలో ఒక్క తప్పూ ఒప్పుకోని కంపోజిటరు గబగబా కుర్చీ దగ్గరికి జరిగి, మాస్టారి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"చాలా ఉన్నాయి మాస్టారూ. ఒక్కొక్కటే చెప్పండి, నేనెక్కడికీ పోను."

"మొదటి... పేజీ," అన్నారు మాస్టారు.