అడుగు లేని గరిటె

రేవులో చేపలు వేలం వేసే పాక కింద డిటెక్టివ్ పడవలో నీళ్లు తోడే చెక్క గరిటె ఒకటి తీసి ముసలి జాలరి ముందు పెట్టాడు. దాన్ని చూడగానే ముసలాయన మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

“మీ రేవు జాలరి తొమెజో మునిగి చనిపోయిన పడవలో దొరికింది, తాతా. దీనికి అడుగే లేదు. ఎవరిదంటే రేవులో ఒక్కరూ నోరు విప్పరేం?”

“నాదే బాబూ. ఇక్కడ ప్రతి పడవలోనూ ఇలాంటిది ఒకటుంటుంది. పొగమంచు పట్టినప్పుడు, సముద్రంలో పోయినవాళ్లు దయ్యాలై వచ్చి గరిటె ఇమ్మంటారు. మంచిది ఇచ్చామా, దాంతోనే మన పడవలో నీళ్లు పోసి ముంచేస్తారు. అందుకని అడుగు ఊడగొట్టింది ఇస్తాం.”

“మొన్న పొద్దున కూడా అడిగారా?”

“మంచులోంచి కేక వినపడింది. ‘గరిటె! గరిటె ఇయ్యండి!’ అని. దీన్ని అటు విసిరేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.”

“తొమెజో పడవకి చిల్లు పడింది తాతా. నీళ్లు తోడుకోవడానికి అడిగాడు. గొంతు గుర్తుపట్టలేదా?”

“పట్టాను. అందుకే ఇంకా హడలిపోయాను. దయ్యాలు మనకి తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తాయనేవాడు మా నాన్న.”

డిటెక్టివ్ జేబులోంచి ఉప్పుకి అట్టకట్టిన తలగుడ్డ తీశాడు.

“తొమెజోదే. గరిటెకి అడుగు లేని చోట కట్టి ఉంది. ముడి విప్పకుండా ఊడదీశాం. దీంతోనే చాలాసేపు తోడినట్టున్నాడు.”

ముసలాయన ఆ ముడిని బొటనవేలితో తడిమాడు.

“తడిసేకొద్దీ బిగుసుకుంటుంది బాబూ ఇది. వాడి చిన్నప్పుడు నేనే నేర్పాను.”