కాత్తాడి వీడుకు యాంటెనా పట్టినవాడు

తిమ్మప్ప కథ మొదలుపెడితే కాళియమ్మాళ్ టీ అంగడిలో పాలు ఒకసారైనా పొంగి పొయ్యిలో పడతాయని సోగత్తూరులో అందరికీ తెలుసు. ఆమె కూడా వినడంలో పడి గరిటె మరిచిపోతుంది మరి. ఆ సాయంత్రం కథకు దారి వేసినవాడు యువరాజ్. వీధి కుర్రాళ్ళందరికీ వాడే పెద్ద. వచ్చి బెంచీ మీద కూర్చుని, ఆదివారం రేషన్ అంగడి గోడకు తెల్లగుడ్డ కట్టి 'కాత్తాడి వీడు' వేస్తున్నామని చెప్పాడు. బొమ్మ మొదలయ్యే ముందు, ఆ నాటకం టీవీలో కొత్తగా వచ్చిన రోజుల్లో చూసిన పెద్దమనిషి ఎవరైనా మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలట. ఎవరైతే బాగుంటుందో అడిగి పోదామని వచ్చాడు.

కాత్తాడి అంటే ఇక్కడి అరవంలో ఫ్యాను, వీడు అంటే ఇల్లు. ఇంటినిండా మనుషులు, అందరికీ కలిపి ఒకటే టేబుల్ ఫ్యాను. దాని గాలి ఎవరికి తగలాలన్నదే వారం వారం తగాదా, అంతకుమించి కథేమీ లేదు. ముప్పై ఏళ్ళయినా ఆ తగాదా తీరలేదు, జనానికి దాని మీద మోజూ తీరలేదు. ఇప్పుడు ఏసీ గదుల్లో పుట్టిన పిల్లలు కూడా ఫోన్లో పెట్టుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ముసలమ్మ తాను కాళ్ళు చాపిన చోటికే గాలి రావాలంటుంది, కోడలు నోటితో సరేనంటూ చేత్తో ఫ్యాను అటు తిప్పేస్తుంది. ఏ ఇంట్లో లేదు ఇది? ఎవరికి వాళ్ళు తమ ఇల్లే చూసుకున్నట్టు ఉంటుంది.

మైకు అన్న మాట చెవిన పడగానే తిమ్మప్ప నిటారుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళ బతుకులో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని జాతరలు చూశాడో, ఎవరూ ఆయన చేతికి మైకు ఇచ్చిన పాపాన పోలేదు. ఇస్తే మళ్ళీ తిరిగి రాదని వాళ్ళ భయం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వీధంతా ఎదుట కూర్చుని ఉండగా మైకులో మాట్లాడాలని ఆయనకు ప్రాణం కొట్టుకుంటుంది. ఇంత మంచి అదను మళ్ళీ రాదు.

చిక్కల్లా ఒకటే. ఆ నాటకం ఆయన ఒక్క వారం కూడా చూడలేదు. ఆ సంగతి మూడో కంటికి తెలియదని ఆయన ధీమా.

యువరాజ్ చూపు పక్క బెంచీ మీది వెంకటసామి వైపు తిరిగింది. వెంకటసామి తిమ్మప్ప బావమరిది. నాటకమంతా ముందు వరసలో కూర్చుని చూసినవాడే, కాకపోతే మాట పొదుపు మనిషి. ఆ చూపు పట్టేసి తిమ్మప్ప గ్లాసు కింద పెట్టాడు.

"చూసినోళ్ళు శానామంది ఉంటారప్పా. చూపించినోడు ఒక్కడే. ఆ కాలంలో ఈ వీధికంతా టీవీ మా ఇంట్లోనే, నలుపు తెలుపు పెట్టె. ఆదివారం సాయంత్రమైతే మా నడవలో కాలు పెట్టేదానికి చోటుండదు. సరిగ్గా కాత్తాడి వీడు మొదలయ్యే టయానికి గాలి లేస్తుంది. మిద్దె మీద యాంటెనా తిరిగిపోతుంది, పెట్టెలో మనుషులు పోయి చుక్కలు వస్తాయి. అప్పుడు ఎవరు ఎక్కినారు? నేను ఎక్కినాను. రవ్వంత పాపారపట్టి దిక్కుకు తిప్పినాను. బొమ్మ వచ్చేసింది. కావాలంటే వీణ్ణి అడుగు."

అంతవరకు నిజమేనని వెంకటసామి తల ఊపాడు. ఎన్నడూ తల ఊపనివాడు ఊపేసరికి తిమ్మప్పకు ఊపిరి వచ్చింది.

"తిప్పితే అయిపోయిందా? కాలేదు. నట్టు వదులు. వదిలేస్తే మళ్ళీ తిరిగిపోతుంది. అందుకని నాటకం అయ్యేదంక ఆ కమ్మీ పట్టుకుని నిలబడినాను. ఆ వారం ఒకటే కాదప్పా, నాటకం వచ్చినన్నాళ్ళూ, ప్రతి ఆదివారం. కింద నుంచి మా ఇంటామె అరుస్తుంది, 'ఆడే ఉండయ్యా, కదలొద్దు, ఇప్పుడే బాగుండాది' అని. వీధంతా ఆమెతో కలిసి అరుస్తుంది. అంత నమ్మకం నా మీద. పోను పోను నా ఒళ్ళే యాంటెనా అయిపోయింది. ఊపిరి పీలిస్తే బొమ్మ, వదిలితే మాట. రెండూ సరిగ్గా రావాలని సగం ఊపిరితోనే నిలబడేది నేర్చుకున్నాను."

సగం ఊపిరితో అంత గట్టిగా ఎట్లా మాట్లాడేవాడని కాళియమ్మాళ్ అడిగింది. మాట్లాడేదానికి వేరే ఊపిరి పెట్టుకున్నానని తిమ్మప్ప తడుముకోకుండా చెప్పాడు. యువరాజ్ నవ్వు ఆపుకుంటూ చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. తిమ్మప్పకు అదే చాలు.

"ఇంక వాన పడిన ఆదివారం సంగతి విను. మెరుపు వచ్చింది చూడు, నేరుగా యాంటెనా మీదికి. ఇంకొకడైతే దూకేసుంటాడు. నేను దూకితే ముసలమ్మకు గాలి తగిలిందో లేదో వీధికి ఎట్లా తెలుస్తుంది? పళ్ళు బిగించి పట్టుకున్నాను. మెరుపు నెత్తిన దిగి, అరికాళ్ళలోంచి మిద్దెలోకి దూరి, వైరు పట్టుకుని పెట్టెలోకి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నలుపు తెలుపు పెట్టెలో రంగులు వచ్చేసినాయి. కోడలిది చిలకపచ్చ కోక, ముసలమ్మది వంకాయ రంగు. ఈ ధర్మపురి జిల్లాకంతా మొట్టమొదట కలర్ టీవీ చూసింది మన సోగత్తూరు. వాన నిలిచినాక మళ్ళీ నలుపు తెలుపు. నేను కూడా నాలుగు దినాలు కొంచెం రంగు తేలినాను."

ఇంటికి పోదామని లేచిన ఇద్దరు మళ్ళీ కూర్చున్నారు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పైన ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. మెరుపు తాగిన ఒళ్ళు కదా, మిగిలిన బొమ్మంతా నాలుగు దిక్కులకూ పొంగిపోయిందట. పెన్నాగరంలో యాంటెనా లేని ఇళ్ళలో కూడా కాత్తాడి వీడు వచ్చిందట. అక్కడివాళ్ళు టీవీలను సోగత్తూరు వైపు తిప్పి, కొబ్బరికాయ కొట్టి మరీ చూశారట. హొగెనకల్ దగ్గర కావేరిలో పుట్టిపడవలు తోలేవాళ్ళకు నీళ్ళ మీదనే ముసలమ్మ తిట్లు వినిపించాయట. కావేరికి ఆవలి ఒడ్డున మాత్రం అదే నాటకం కన్నడంలో వినబడిందని, అదెట్లాగో తనకూ అంతుపట్టలేదని తిమ్మప్ప చాలా నిజాయితీగా ఒప్పుకున్నాడు.

"అట్లా పోయి పోయి దారి తిరగబడింది యువరాజూ. మద్రాసు నుంచి బొమ్మ ఈడికి వచ్చేది పోయి, నా మాట మద్రాసుకు పోయేది మొదలైంది. ఒక వారం మిద్దె మీద నాకు తుమ్ము వచ్చింది. తుమ్మినాను. నాటకంలో ముసలమ్మ చేస్తున్న తగాదా ఆపి, పైకి చూసి, 'నూరేళ్ళు' అనింది. ఇంకో వారం ఆడ ఫ్యానే తిరగలేదు, కరెంటు లేదు. మన మిద్దె మీది గాలి యాంటెనాలో దూరి మద్రాసుకు పోయి ఆ ఫ్యాను తిప్పింది. కడపటి వారమైతే ఆ నాటకంలోని ఇంటాయన చెప్పే మాట మరిచిపోయి నోరు తెరిచి నిలబడినాడు. పైనుంచి నేనే అందించినాను. అదే మాట ఆయన చెప్పినాడు. దేశమంతా నవ్వింది."

అంగడిలో ఈలలు పడ్డాయి. మైకు తన చేతిలోకి వచ్చేసినట్టే తిమ్మప్ప భుజాలు సర్దుకున్నాడు. అప్పుడే యువరాజ్ అడిగాడు.

"బాగుండాది తాతా. ఆదివారం మేము వేసేది ఆ కడపటి వారం బొమ్మే. ఇంతకీ ఆయనకు నువ్వు అందించిన మాట ఏంది?"

పసిపిల్లలకు కూడా నోటికి వచ్చిన మాట అది. తిమ్మప్ప గ్లాసు ఎత్తి, అందులో టీ లేదని చూసి, మళ్ళీ దించాడు. ఆ నాటకంలో ఆయనకు తెలిసిందల్లా మెట్లెక్కి పైకి వచ్చిన నవ్వులు. కింద అందరూ నవ్వినప్పుడల్లా, ఎందుకో తెలియకపోయినా, మిద్దె మీద ఒక్కడే కమ్మీ పట్టుకుని తనూ నవ్వేవాడు. ఒక్కో వారం ఆ నవ్వు ఆగేసరికి దిగులేసేది కూడా. వెంకటసామి జాలిపడి, ఇంకో టీ చెప్పమంటావా అని మాట కలపబోయాడు.

"ఆయనకు ఎట్లా తెలుస్తుందప్పా? నాటకం అయ్యేదంక మిద్దె మీదనే కదా ఉండింది."

అందరూ తిరిగి చూశారు. అన్నది చిక్కమ్మ, తిమ్మప్ప భార్య. అన్నం చల్లారిపోతోందని మొగుణ్ణి పిలవడానికి వచ్చి, ఎప్పటి నుంచి వింటోందో గాని, పందిరి గుంజకు ఆనుకుని నిలబడి ఉంది.

తిమ్మప్పకు పట్టు దొరికింది. "అదే నేను చెప్పేది. నేను ఆడ పట్టుకోకుంటే మీకెవరికీ బొమ్మ లేదు."

"బొమ్మ మొదటి వారం నువ్వు ఎక్కి తిప్పంగానే వచ్చేసింది. నట్టు మా తమ్ముడు ఆ రాత్రే బిగించేసినాడు. ఆ మీద నువ్వు పట్టుకున్నా అంతే, పట్టుకోకున్నా అంతే."

"మరి ప్రతి వారం కదలొద్దని ఎందుకు అరిచినావవ్వా?" అన్నాడు యువరాజ్.

"దిగితే మాట్లాడతాడు కదప్పా. ఇంక మేము నాటకం ఎప్పుడు వినేది?"

కాళియమ్మాళ్ నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పెట్టి పొయ్యి ఆర్పేసింది. యువరాజ్ బెంచీ మీద పక్కకు ఒరిగిపోయాడు. తిమ్మప్ప మాత్రం బావమరిది ముఖంలోకే చూస్తున్నాడు. నిజమేనా అన్నట్టు చూశాడు.

"వీధంతా కలిసి అనుకున్నదే బావా," అన్నాడు వెంకటసామి.

తిమ్మప్పకు ముఖం చిన్నబోయింది. కోతలు బయటపడటం ఆయనకు కొత్త కాదు, నవ్వించినందుకు నవ్వుతారు, తుడుచుకుని పోతాడు. ఇది అది కాదు. ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న వాటిలో నిజమైనది ఒక్కటే, తాను పట్టుకుని నిలబడ్డాననేది. అదీ లేకుండా పోయింది. వీధి వీధంతా తెలిసి, ఒక్కరూ చెప్పలేదు. ఆయన ఖాళీ గ్లాసును దూరంగా జరిపాడు. చివరికి భార్య వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగాడు.

"వాన పడిన దినం కూడానా?"

చిక్కమ్మ నవ్వు తగ్గించుకుంది. "ఆ దినం దిగమనే అరిచినాను. దిగితే బొమ్మ పోతుందని నువ్వే దిగలేదు. ఆ వారం నాటకం నేను కూడా చూళ్ళేదు. గొడుగు పట్టుకుని మెట్ల మీదనే నిలబడినాను, పైకి వస్తే నా మీద కూడా అరుస్తావని."

తిమ్మప్ప ఏదో అనబోయి మానుకున్నాడు. ఆయన మానుకోవడం చూసి అంగడిలో నవ్వులు కూడా సద్దుమణిగాయి.

యువరాజ్ లేచి బట్టలు దులుపుకున్నాడు. మైకు వెంకటసామికే ఇస్తామన్నాడు, నాలుగు మాటలంటే నాలుగే చెప్పి తిరిగి ఇచ్చే మనిషి ఆయనొక్కడేనని. వెంకటసామి భయపడిపోయి, రెండు చాలన్నాడు.

"మైకు ఎవరికైనా ఇచ్చుకో," అంది చిక్కమ్మ. "ముందు వరసలో నా పక్కన ఈయనకొక కుర్చీ వెయ్యి. ఎందుకు నవ్వినామో ఇప్పుడన్నా చూడనీ." ఆ మాట అని మొగుడి భుజం మీది తువ్వాలు సరిచేసి, ఇంటి దారి పట్టబోతూ వెనక్కి తిరిగింది.

"చూసేటప్పుడు మాత్రం నోరు తెరవొద్దయ్యా. రేషన్ అంగడికి కూడా మిద్దె ఉండాది."