బెంచీ చివర చోటు

దర్జీ బావ అల్లుడు నా నోట్లో మట్టి కొట్టాడు. పొద్దున్నే గుండీ ఊడిన చొక్కా పట్టుకుని కొట్టుకి వెళ్తే, రోజూ కూర్చునే బెంచీ లేదు.

“బెంచీ ఏది బావా?”

“అల్లుడు తీయించేశాడు. పనిలేనివాళ్లు చేరుతున్నారట.”

“నాకు పనుందిగా. గుండీ ఊడింది.”

“ఈ నెల్లో ఇది ఐదోది. ఊడింది కాదు బావా, బ్లేడుతో కోసింది.”

“నీకు తెలుసా?”

“మూడేళ్లుగా తెలుసు. ఇంట్లో ఒక్కడివేనని ఊరుకున్నా.”

“అయితే ఇదొక్కటి కుట్టు. నిలబడే ఉంటాను.”

“అల్లుడు చూస్తున్నాడు. ఇదిగో సూది, దారం. ఇక ఇంట్లోనే కుట్టుకో.”

“ఇంట్లో ఎవరితో మాట్లాడుతూ కుట్టుకోను?”

బావ తలెత్తకుండా మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

సూది తెచ్చుకున్నాను. అంతా కలిపి నాకు పోయింది, బెంచీ చివర మూరెడు చోటు.